పేపర్లో వేశారుగా

ఐర్లండ్‌లో, స్వోర్డ్స్ అనే ఊరి నుంచి డబ్లిన్ వెళ్ళే బస్సు పైఅంతస్తులో, నా పక్క సీట్లో ఒక ఆంటీ దినపత్రిక విప్పుకుని కూర్చుంది. ఈ నగరంలో తరతరాలుగా వస్తున్న పాత పేపరు అది. బయట సన్నటి వాన. అద్దం మీద చుక్కలు దీపాల రంగులు పూసుకుని జారుతుంటే, బస్సు నీళ్ళలో తేలుతున్నట్టుగా పోతోంది. ఆవిడ మొదటి పేజీ చూడనేలేదు. నేరుగా మరణవార్తల దగ్గరికి వెళ్ళింది.

నేను వింతగా చూస్తుంటే నవ్వింది.

"తెలుగమ్మాయివేనా? ఇక్కడోళ్ళు ముందు ఈ పేజీయే చూస్తారమ్మా. నాకూ అలవాటైపోయింది. కేరర్‌ని కదా, నేను చూసుకున్న ముసలోళ్ళు హాస్పిటల్‌కెళ్ళాక ఏమయ్యారో నాకెవరు చెప్తారు?"

కాసేపటికి ఆవిడ వేలు ఒక పేరు మీద ఆగిపోయింది.

"రోజూ పొద్దున్నే తల దువ్వేదాన్ని ఈవిడకి," అంది, ఆ పేరుతోనే మాట్లాడుతున్నట్టు. తర్వాత బెల్ నొక్కి లేచింది.

"వాళ్ళింటికా ఆంటీ? రమ్మన్నారా?"

"కడసారి చూడ్డానికి ఇల్లు అందరికీ తెరిచే ఉంటుందని పేపర్లో వేశారుగా. మన దగ్గర మాత్రం చావుకి పిలిస్తేనే వెళ్తామా?"

ఆవిడ రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం వానలో నిలబడటం పైనుంచి కనిపించింది. పేపరు సీట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నేనూ రోజూ ఆ పేపర్ని ఆ పేజీ నుంచే మొదలుపెడతాను. అందులో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. అయినా ఇల్లు తెరిచే ఉంటుందన్న మాట కనబడగానే, ఈ ఊళ్ళో నన్నూ ఎవరో రమ్మన్నట్టే ఉంటుంది.