వణకని స్వరం

నిన్న మా అమ్మాయి శాక్సోఫోన్‌కి బిగించే రీడ్‌ని నోట్లో పెట్టుకుని తడిపాను. నానిన వెదురు బద్ద రుచి. దానితో పాటే పీణ్య పారిశ్రామిక వాడలోని ఒక రేకుల షెడ్డు గుర్తొచ్చింది.

ఆ షెడ్డులో లేత్ మెషీన్ మీద పనిచేసే మాస్టరు, మెషీన్లు ఆగే ఆదివారాల్లో అక్కడే నాకు శాక్సోఫోన్ నేర్పేవారు. నాకప్పుడు పదేళ్లు. మూడు నెలల పాటు నాచేత ఒకే స్వరం ఊదించారు. మెషీన్‌లో తేడా వినిపించిందేమోనని చెవి పెట్టినట్టు, తల వంచి వినేవారు.

"ఇంకా వణకతా ఉండాదప్పా. పెదాలు బిగించొద్దు. ఊపిరి కడుపులోంచి రావల్ల," అనేవారు. తర్వాత ఆయనా అదే స్వరం ఊది చూపించేవారు. అంతకు మించి ఏదీ వాయించేవారు కాదు.

ఇంట్లో చెప్పేశాను: "నాయినా, ఆయప్పకు వచ్చేది అదొక్కటే."

నాన్న నన్ను అక్కడ మాన్పించి, మొదటి రోజే పాట నేర్పే ఇంకొకరి దగ్గర చేర్చారు.

ఆ ఏడాదే హొసకోటెలో ఒక పెళ్లికి వెళ్లాం. మేళంలో మాస్టరు కూర్చుని ఉన్నారు. ఒక రాగంలోంచి ఇంకో రాగంలోకి వెళుతూ, భోజనాల వేళ దాకా వాయించారు. మధ్యలో నన్ను చూసి, బాగున్నావా అన్నట్టు తలూపారు. నేను నాన్న వెనక్కి జరిగాను.

ఇప్పుడు నాకు చాలా పాటలు వచ్చు. నిన్న మా అమ్మాయికి చూపిద్దామని ఆ ఒక్క స్వరం ఊదాను.

"నాన్నా, వణుకుతోంది," అంది.