రోడ్డు దాటిన సోఫా

ఎదురింటి ఆంటీ పోయారు. పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "మీ ఆంటీ వెళ్లిపోయిందే" అని, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక, "పుదీనాకి నీళ్లు పోశాను" అంది. ఆంటీ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె వాకిట్లో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో పెరిగే పుదీనాకి నీళ్లు పోసే పని అమ్మదే. నేను నర్సుని. చావు కబురు చెప్పడం, వినడం నా ఉద్యోగంలో భాగం. అయినా ఆ పుదీనా మాట వినగానే కారు పక్కకి ఆపుకుని ఏడ్చాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. సభల్లో కనపడే మనిషి కాదు. క్రాన్‌బర్న్ అనే ఊళ్లో ఒక సందులో, ఒకే ఇంట్లో, మెడకి శాలువా చుట్టుకుని చాలా ఏళ్లు బతికింది. కానీ నేను చదువుకున్నానంటే, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమే కారణం. అదీ మా అమ్మ చేత చీవాట్లు తిని మరీ.

మేం ఈ దేశం వచ్చింది, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెత్తుతుందని లోకమంతా భయపడుతున్న రోజుల్లో. ఆ పిచ్చి కుదర్చడానికి పిలిపించిన వైద్యుల్లో మా నాన్న ఒకరు. తెనాలిలో చుట్టాలందరికీ స్వీట్లు పంచి, అమ్మ నగలు అమ్మి టిక్కెట్లు కొనుక్కుని, విమానం ఎక్కాం. రెండు వేలు వచ్చింది. ప్రళయం రాలేదు. కొన్నాళ్లు అవీ ఇవీ సర్దించుకున్నాక, ఇక వైద్యుడితో పనేముందని జూలైలో నాన్నని ఇంటికి పంపించేశారు.

ఆంటీ మాకంటే చాలా ముందు వచ్చినావిడ. పుట్టింది నిజామాబాద్, కాపురం చేసింది హైదరాబాద్, ఆపైన అంకుల్ ఉద్యోగం వెంట ఇక్కడికి. మేం దిగిన రోజే అమ్మ చీర చూసి రోడ్డు దాటి వచ్చింది. "తెలుగోళ్లా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, "చాయ్ తాగుతరా?" అంది. ఆ సాయంత్రానికే అమ్మ ఆమెని వదినా అంటోంది, ఆమె అమ్మని భాభీ అంటోంది. మా ఇంటి నుంచి వెళ్లిన గిన్నె ఆ ఇంట్లోంచి ఖాళీగా తిరిగొచ్చిన గుర్తు నాకు లేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పుదీనా అయినా వేసి పంపేది.

వారానికి రెండు రోజులు ఆంటీ ఊళ్లో పాత బట్టలూ సామానూ అమ్మే ధర్మ దుకాణంలో జీతం లేకుండా పని చేసేది. అక్కడి ముసలమ్మల దగ్గరే ప్రతివాళ్లనీ 'లవ్' అని పిలవడం నేర్చుకుంది. పోస్ట్‌మాన్ లవ్, పాలప్యాకెట్లు అమ్మే కుర్రాడు లవ్, ఆఖరికి ఇంటిముందు వాలే కాకి కూడా లవ్. మా అమ్మకి అది వినడానికే సిగ్గు. "ఏంటొదినా ఆ మాట, మగాళ్లని పట్టుకుని!" అనేది. ఆంటీ నోరంతా తెరిచి నవ్వేది.

పన్నెండో తరగతి అయ్యాక, మూడు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్లో నాకు నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజు సంగతి తర్వాత జీతంలో కోసుకుంటారట, ఫరవాలేదు. హాస్టల్ అద్దె, తిండి, పుస్తకాలు? వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భత్యం వర్తించదన్నారు. సీటు వదులుకుని ఏ సూపర్‌మార్కెట్లోనో చేరిపోవడమే మిగిలింది. అప్పుడు ఆంటీయే దుకాణంలో విని వచ్చి చెప్పింది. ఊళ్లో ఒక సేవా సంఘం ఏటా ఇబ్బందుల్లో ఉన్న ఒక్క విద్యార్థికి హాస్టల్ ఖర్చు ఇస్తుందట.

"అడగనిదే అమ్మైనా పెట్టదు బేటా. అప్లై చెయ్" అంది.

చేశాను. ఇంటి ఇబ్బందులు వివరంగా రాయమన్నచోట పెన్ను ఆగిపోయింది. నాన్న ఉద్యోగం పోయిందని ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు మేము. ఆయన రోజూ టై కట్టుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరి, లైబ్రరీలో కూర్చుని, ఆఫీసులు వదిలే వేళకి ఇంటికొచ్చేవారు. అమ్మ నా వెనకే నిలబడి, "ఇంటి గుట్టు వీధిన పెట్టుకుంటామా? కన్సల్టెంట్ అని రాయి, చాలు" అంది. అలాగే రాశాను. చిత్రం ఏమిటంటే అప్లికేషన్ పక్కన పడెయ్యలేదు. శనివారం మధ్యాహ్నం ఇద్దరు సభ్యులు ఇంటికొచ్చి మాట్లాడతామని, టీ తప్ప ఏమీ వద్దని కబురు పంపారు.

అదిగో, అక్కడ మొదలైంది అసలు కథ. ఇంటికి మొదటిసారి పెద్దమనుషులొస్తున్నారు. మా హాల్లో ఉన్నవి పెరట్లో వేసుకునే ప్లాస్టిక్ కుర్చీలు, నేలమీద ఒక పరుపు, అట్టపెట్టె మీద టీవీ. వాళ్లని అందులో ఎలా కూర్చోపెడతాం? అమ్మ రోడ్డు దాటి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "వదినా, ఒక్క పూటకి మీ సోఫా..." అని నసిగింది. లేదనడం ఆంటీకి చేతకాదు. సోఫాతో ఆగలేదు కూడా. తివాచీ ఇచ్చింది. బంగారు అంచు పళ్లాల సెట్టు తనే దించి ఇచ్చింది. అమ్మ బోసిమెడ చూసి, తన పెళ్లినాటి ముత్యాల హారం తెచ్చి మెడలో వేసింది. "ఇజ్జత్ దగ్గర కమ్ చెయ్యొద్దు భాభీ. బిర్యానీ నేను చేస్త" అంది. సాయం అడగబోయే ఇంట్లో ఇంత హంగు చెయ్యకూడదని అమ్మకీ తట్టలేదు, ఆంటీకీ తట్టలేదు. అతిథి వస్తే ఉన్నదీ లేనిదీ ఊడ్చి పెట్టాలి. ఇద్దరికీ తెలిసింది అదే.

నాన్న, అంకుల్ కలిసి సోఫాని రోడ్డు దాటించారు.

ఇక్కడ జనవరి అంటే నడివేసవి. శనివారం ఎండ మాడ్చేస్తోంది. మోకాళ్ల దాకా సాక్సులు వేసుకున్న ఒక పెద్దాయన, కళ్లజోడు గొలుసుకి వేలాడుతున్న ఒక పెద్దావిడ వచ్చారు. సోఫాలో కూర్చున్నారు. గారెలు వచ్చాయి. బిర్యానీ వచ్చింది. డబుల్ కా మీఠా వచ్చింది. పెద్దాయన చెమటలు కక్కుతూ, మంచినీళ్లు తాగుతూ, మర్యాదకి మళ్లీ వడ్డించుకుంటున్నాడు. పెద్దావిడ ఉద్యోగం ఎలా ఉందని అడిగితే నాన్న టై సవరించుకుని, చాలా ప్రాజెక్టులు నడుస్తున్నాయన్నారు. ఆవిడ తివాచీ చూసింది. పళ్లెం అంచు చూసింది. అమ్మ మెడలో హారం చూసింది. చూసి, నవ్వి, పెన్ను మూత పెట్టేసింది.

"మీ ఇల్లు చాలా అందంగా ఉంది. మీరు బాగా స్థిరపడ్డారు, సంతోషం. నిజంగా ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి, మీరు అర్థం చేసుకుంటారనుకుంటాను" అంది ఇంగ్లీషులో, ఎంతో మెత్తగా.

నాకు అర్థమైంది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఇల్లు బాగుందన్న ఒక్క ముక్కే అందుకుని మురిసిపోతోంది. నాన్నకి అంతా అర్థమైంది. టై ముడి ఇంకాస్త బిగించుకున్నారు.

ఆంటీ బిర్యానీ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆ గరిటె అలాగే గాల్లో ఆగింది.

"దట్ సోఫా ఈజ్ మైన్, లవ్" అంది.

పెద్దావిడ తలెత్తింది. ఆంటీ గరిటెతోనే చూపించడం మొదలుపెట్టింది. "ద కార్పెట్, మైన్. ద ప్లేట్స్, మైన్." అమ్మ వైపు తిరిగి, ముఖం పక్కకి తిప్పుకుని, "పెర్ల్స్ ఆల్సో" అంది. ఆ తర్వాత చెప్పినదంతా ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను. ఈయనకి జూలై నుంచి ఉద్యోగం లేదు, రోజూ టై కట్టుకుని లైబ్రరీకి వెళ్తాడు, మా దుకాణం కిటికీలోంచి నాకు కనిపిస్తాడు, ఈ పిల్ల చదువు ఆగిపోయేలా ఉంది, మా వైపు అతిథులొస్తే ఇలాగే చేస్తాం, దీన్ని చూసి మోసపోకండి.

ఆరునెలలుగా ఆమెకి తెలుసన్నమాట. కనిపించినా కనిపించనట్టే ఉండిపోయింది.

'మైన్' అన్న మాట అమ్మకి అర్థమైంది. "వదినా!" అంది. నాన్న టై వదులు చేసుకుని, "యెస్. ఆవిడ చెప్పింది నిజం" అన్నారు.

ఆ పెద్దాయన మంచివాడు. "మరి మీరు మామూలుగా ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాడు. నాన్న పెరట్లోకి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. వాళ్లు సోఫాలోంచి లేచి వాటిల్లో కూర్చున్నారు. అప్పుడు మాట్లాడారు నాన్న, నేనెప్పుడూ విననంత. పెద్దావిడ పెన్ను మూత మళ్లీ తీసింది.

వాళ్ల కారు మలుపు తిరగగానే అమ్మ హారం తీసేసింది. "ఎరువు సొమ్ము బరువు చేటని మా అమ్మ ఊరికే అన్లేదు" అంటూ పళ్లాలు కడిగి, తుడిచి, సర్దింది. "నలుగురిలో నా మెడ చూపించి నాదంటావా? అడిగితే లేదని చెప్పొచ్చుగా!" అని ఆంటీ ముఖం మీదే అనేసింది. ఆంటీ తల వంచుకుని వింది. ఆ సాయంత్రమే సోఫా రోడ్డు దాటి వెనక్కి వెళ్లింది. ముందు నాన్న, వెనక అంకుల్, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మోశారు. వాళ్ల వెనకాల, రెండు దిండ్లూ గుండెకి అదుముకుని, ఆంటీ.

తర్వాత ఒకరోజు ఆమె బట్టలారేస్తుంటే వెళ్లాను. ఎందుకలా చేశావని నేను అడగలేదు, తనే చెప్పింది. "మంత్రసాని తాన మర్మం దాస్తరా బేటా? నాకు టెన్త్‌ల మంచి మార్కులొచ్చినయ్. కాలేజీల ఫీజు మాఫీ ఉండె. అడుగుటానికి మా అబ్బాకు సిగ్గనిపించింది. అడుగలే. నేను ఇంట్ల కూసున్న." క్లిప్పు నోట్లోంచి తీసి దుప్పటికి పెట్టి, "మీ అమ్మ కోపం తగ్గుతది. సీటు పోతే మల్ల రాదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అమ్మతో మాట లేకపోవడం ఆమెకి ఎంత కష్టమయిందో నాకు అప్పుడు తెలిసింది.

సాయం మంజూరైంది. అమ్మ కోపం మాత్రం తగ్గలేదు. గిన్నెలు రోడ్డు దాటడం మానేశాయి.

హాస్టల్‌కి వెళ్లే రోజు చిక్కొచ్చిపడింది. మాకు కారు లేదు, అంకుల్‌కి ఉంది. ముందు సీట్లో అంకుల్, నాన్న. వెనక అటు అమ్మ, ఇటు ఆంటీ, మధ్యలో నేను. దారి పొడుగునా ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. "ఎండ పడుతోందేమో, అద్దం ఎత్తుకోమను" అని అమ్మ. "నాకేం అయితలేదు, మీ అమ్మను జర పండుమను" అని ఆంటీ. పులిహోర పొట్లం నా ఒళ్లోంచి అటువెళ్లింది, చాయ్ ఫ్లాస్కు ఇటొచ్చింది. నన్ను హాస్టల్లో దింపాక తిరుగు ప్రయాణంలో మధ్యలో ఎవరూ లేరు. ఆ ఖాళీ సీటు చూసి ముందు అమ్మ ఏడ్చిందట. ఆంటీ అందులోకి జరిగిందట. ఇల్లు చేరేసరికి మళ్లీ వదినా, భాభీ. ఈ సంగతి అంకుల్ పోయేదాకా నవ్వుతూ చెప్పేవారు.

నాన్నకి తర్వాత మెల్లగా పని దొరికింది, అద్దె ఇల్లే మా సొంతమైంది. నేను సెలవులకి వచ్చినప్పుడల్లా ఆంటీ చెయ్యి చాపి, "బీపీ చూడు, సర్కారీ సొమ్ముతోని చదివినవ్" అని వేళాకోళం చేసేది. సర్కారు కాదు ఆంటీ, సేవా సంఘం అంటే, "నేను గరిటె తిప్పకపోతే ఏ సంఘం?" అనేది. నిజమే. ఆమె బతికుండగా సరిగ్గా కృతజ్ఞత చెప్పానా అంటే, రక్తపోటు చూడటంలోనే చెప్పాననుకుంటున్నాను.

ఆంటీ పోయిన కొన్నాళ్లకి, ఇల్లు ఖాళీ చెయ్యడానికి, పెర్త్‌లో స్థిరపడ్డ వాళ్లబ్బాయి వచ్చాడు. ఆ వారాంతం నేనూ వెళ్లాను. పాత సామానంతా కౌన్సిల్ వాళ్ల చెత్త లారీ కోసం వీధి పక్క గడ్డిలో పెడుతున్నాడు. సోఫా కూడా. గుడ్డ ఎన్నోసార్లు మార్చారు గానీ, చేతుల చెక్క అదే. అమ్మ మా గుమ్మంలోంచి చూసింది. చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటింది.

"బాబూ, అది లోపల పెట్టు."

"ఇట్స్ ఓల్డ్, ఆంటీ. నో వన్ వాంట్స్ ఇట్" అన్నాడు అతను.

అమ్మ సోఫా చేతి మీద చెయ్యి వేసింది. నా జన్మలో అమ్మ నోటినుంచి వినని మాట అప్పుడు విన్నాను.

"దట్ సోఫా ఈజ్ మైన్, లవ్" అంది.

ముందు అతను, వెనక నేను పట్టుకున్నాం. నాన్న కర్ర ఊతంతో రోడ్డు మధ్యలో నిలబడి, వస్తున్న కారుని చెయ్యెత్తి ఆపారు. మా వెనకాల, రెండు దిండ్లూ గుండెకి అదుముకుని, అమ్మ.