కంపెనీ పట్టీ

మా పరిశోధన ప్రయోగశాల గడప దాటి బందరు చేరినప్పుడు, అందరికంటే ముందు మా పట్టీని కాలికి కట్టుకున్నది మంగినపూడి పక్కన పల్లెలో చేపలమ్మే ఒకావిడ. అరవై దాటిన మనిషి. పార్కిన్సన్స్ జబ్బు. చేతుల వణుకుని ఆవిడ పెద్దగా పట్టించుకునేది కాదు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పాదాలు నేలకి అతుక్కుపోవడమే ఆవిడ బాధ. గుమ్మం దగ్గరో, ఆటో ఎక్కేచోటో అలా నిలబడిపోయేది.

"బుర్ర వెళ్లమంటదమ్మా, కాళ్లు మాటినవు," అంది మొదటి రోజే. నేను ఏళ్ల తరబడి వ్యాసాల్లో రాస్తూ వచ్చింది అదే. అంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

మా పని సారాంశం చిన్నదే. నడకకి మెదడు లోపల్నుంచి ఇచ్చే లయ తప్పినప్పుడు, చీలమండ దగ్గర సన్నటి అదురుతో బయటినుంచి లయ అందిస్తే, మెదడు ఇంకో దారి వెతుక్కుని అడుగు వేయిస్తుంది. విశ్వవిద్యాలయంలో ఆ పరికరం వైర్లతో, బల్ల నిండా ఉండేది. హైదరాబాదులో ఒక కంపెనీ దాన్ని గడియారమంత చేసి పట్టీకి బిగించింది. బందరులో నరాల డాక్టరు గారి పర్యవేక్షణలో కొద్దిమంది రోగులతో పరీక్ష మొదలైంది. నేను గుడివాడలో పిన్ని ఇంట్లో మకాం పెట్టి, పెడన మీదుగా బందరు తిరుగుతుండేదాన్ని. రోగులు దాన్ని కంపెనీ పట్టీ అనేవారు.

మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. బాగా గడవడమే నాకు భయంగా ఉండేది. ఫోన్ మోగితే ఎవరు పడ్డారో అనుకుంటూనే పేరు చూసేదాన్ని.

ఒక ఉదయం ఆవిడ భర్త చేశాడు. "మా ఆడమనిషి పడిపోయిందండీ. బందరు ఆసుపత్రికి తీసుకొచ్చాం."

నేను వెళ్లేసరికి ఆవిడ కుడి మణికట్టుకి కట్టు కడుతున్నారు. ఎముక విరిగింది. గంప దించి ఆటోలోంచి దిగుతుంటే పడిందట. ఆవిడ నావైపు చూడలేదు. భర్త నన్ను వరండాలోకి తీసుకెళ్లి, తువ్వాలులో చుట్టిన పట్టీ నా చేతిలో పెట్టాడు.

"మాదే తప్పేమోనండీ. నిన్న ఒడ్డున చేపలు కడుగుతా తీయడం మర్చిపోయింది. పాడుచేశామని కోప్పడమాకండి."

విరిగిన చేయి ఆవిడది, కోప్పడే హక్కు నాదన్నట్టు మాట్లాడాడు. "లేదండీ, లేదండీ," అన్నాను.

డాక్టరు గారి గదిలో కూర్చుని పట్టీలో నమోదైన వివరాలు ల్యాప్‌టాప్‌లోకి దించాను. పడడానికి కొన్ని క్షణాల ముందు అదురు ఆగిపోయింది. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో తెల్లగా ఉప్పు పేరుకుంది. అంతకంటే పెద్ద సంగతి ఒకటి నాకప్పుడే తట్టింది. పట్టీ లేని రోజుల్లో ఆవిడ గోడో, ఆటో కమ్మీయో పట్టుకుని దిగేది. పట్టీ వచ్చాక దాన్ని నమ్మి చేయి వదిలేసింది. ఆ చేయి వదలడాన్నే మేం మా నివేదికల్లో మెరుగుదలగా రాసుకున్నాం.

కంపెనీ తరఫున ఈ పని చూసే ఇంజినీరుకి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు ఆయన గొంతులోనూ నా భయమే ఉంది.

"మేడం, ఆవిడకి పడడం కొత్త కాదు కదా. జబ్బు లక్షణమే అది. పరికరానికి సంబంధం లేదని నివేదికలో రాస్తే సరిపోతుంది. లేకపోతే మావాళ్లు ఈ ప్రాజెక్టే ఆపేస్తారు."

ఆయన మాట నాకు కోపం తెప్పించలేదు. తెప్పించి ఉంటే బాగుండేది. నిజం చెప్పాలంటే ప్రాణం కాస్త కుదుటపడింది. జబ్బు లక్షణమే, అబద్ధం కాదు, అని నాకు నేను రెండుమూడుసార్లు చెప్పుకున్నాను కూడా. కంపెనీ తప్పుకుంటే మా పని మళ్లీ బల్లమీద వైర్లయిపోతుంది. ఇంకో కంపెనీ దొరుకుతుందన్న ఆశ నాకు లేదు.

డాక్టరు గారిని అడిగాను, ఏం రాయమంటారని. ఆయన రోగుల చీట్లు చూసుకుంటూ తలెత్తకుండా, "ఇందాక ఏం చూశావమ్మా?" అన్నారు. చెప్పాను. "అదే రాయి," అన్నారు.

రాశాను. పంపే మీట నొక్కాక బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. సాయంత్రానికి, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ పరీక్ష నిలిపేసింది. అందరి దగ్గరా పట్టీలు వెనక్కి తీసుకోమన్నారు.

అన్నింటికంటే కష్టమైంది దివిసీమ వెళ్లడం. అక్కడొక రైతు, డెబ్బై దగ్గర మనిషి, పట్టీ కట్టుకున్నాక మళ్లీ గట్టుమీద నడిచి తన చేను చూసుకుని వస్తున్నాడు. సంగతి చెప్పాను. ఆయన భార్య ఊరుకోలేదు.

"ఎవరో పడ్డారని మా ఆయన్ని కూర్చోబెడతారా? ఈయన పడలేదుగా!"

"పడకముందే తీసేయాలండీ," అన్నాను. ఆ మాట నా చెవికే డొల్లగా వినిపించింది. రైతు వంగి, వణికే వేళ్లతో తనే బకిల్ విప్పబోయాడు. ఎంతసేపటికీ రాలేదు. నేను సాయం చేయబోతే వద్దన్నట్టు తలాడించాడు.

పది రోజులకి ఇంజినీరు చెప్పకుండా బందరులో దిగాడు. ఇద్దరం ఆటోలో మంగినపూడి వెళ్లాం. ఆవిడ ఒంటిచేత్తోనే పని చేస్తోంది. నీళ్లంచున పీట వేసుకుని చేపలు ఏరుతోంది, పాదాల మీదికి అల వచ్చిపోతోంది. తెచ్చిన పట్టీ, వైరూ ఇచ్చి, ఇంట్లో ఛార్జింగ్ ఎలా పెట్టేవారో చూపించమన్నాడాయన. భర్త తడి చేతులు లుంగీకి తుడుచుకుని వైరు గుచ్చి చూపించాడు. ఇంజినీరు రంధ్రం చుట్టూ అంటిన తడిని వేలితో తుడిచాడు.

తిరిగొస్తూ అన్నాడు: "మేం చెమటకి పరీక్ష పెట్టాం మేడం. ఏసీ గదిలో."

ఆ తర్వాత నెలల తరబడి నిరీక్షణ. కంపెనీలో ఈ పని ఉంటుందో పోతుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరాలు, ఎథిక్స్ కమిటీ ప్రశ్నలు. "తిండి మానేస్తే కంపెనీ వాళ్లు తొందరగా తేలుస్తారా?" అని పిన్ని కంచం నా ముందుకి జరిపేది. ఆ ఇంజినీరే లోపల ఎవరెవరితో పోట్లాడాడో నాకు తెలియదు. చివరికి కొత్త పట్టీ వచ్చింది. రంధ్రం లేదు, పలకమీద పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది. ఆగిపోయే ముందు గట్టిగా మూడుసార్లు అదిరి హెచ్చరిస్తుంది. కట్టుకున్నవాళ్లకి చేయి వదలకుండా నడవడం ముందు నేర్పాలన్న నియమం కూడా చేర్చాం.

మళ్లీ మంగినపూడి వెళ్లాను. భర్త వద్దన్నాడు. "ఒక చెయ్యి అయింది, చాలండీ."

ఆవిడ నన్నే అడిగింది. "ఈసారి పడనా?"

"పడరని చెప్పలేనండీ. ఆగేముందు చెబుతుంది, అంతవరకే నా మాట."

ఆవిడ కాలు ముందుకి చాపింది. "కట్టు. కానీ నాలుగు రోజులు నువ్వు కూడా పక్కన నడవాలి." నడిచాను. ఇప్పుడావిడ ఒక చేత్తో కమ్మీ పట్టుకునే ఆటో దిగుతోంది.

దివిసీమ రైతుకి మాత్రం ఆలస్యమైంది. ఈ లోపల జబ్బు ముదిరింది. కొత్త పరీక్షకి కావలసినంత సేపు ఆయన నిలబడలేకపోయాడు. నిబంధన ప్రకారం తీసుకోకూడదు. పరీక్ష ఆపిన ఆ నెలలు ఆయనవే. నేను రాసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ నెలలు ఎవరి ఖాతాలోంచి పోయాయో మర్చిపోలేను.

పట్టీకి అనుమతి ఇంకా రాలేదు. దరఖాస్తు ఢిల్లీలో ఉంది. పోయిన వారం బందరు ఆసుపత్రిలో కొత్త రోగులకి అంగీకార పత్రం చదివి వినిపించాను. పడిపోయే ప్రమాదం గురించిన పేరా మూడో పేజీలో ఉండేది. ఇప్పుడు దాన్ని మొదటి పేజీకి తెచ్చాం. అది విని ఒకాయన లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. తర్వాతి పేజీ తిప్పాను.