వెళ్ళిరండి అన్నందుకు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. పాపం వాళ్ళెవరూ ఎప్పుడూ అమ్మి ఉండరు. అమ్మి ఉంటే మిగతా రెండింటి ఊసే ఎత్తేవాళ్ళు కాదు.

మైకక్క పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు మాత్రం కట్టింది. బస్టాండులో అనౌన్సరుగా పనిచేసి, జీతంలోంచి ఇటుక ఇటుకా పేర్చినట్టు కట్టుకుంది. ఆమె అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ ఆమె గొంతు విప్పితే ఏడ్చే పిల్లలు కూడా ఆగి చూసేవాళ్ళు. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారానికి వస్తుందో ఆమె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. బస్సు ఆలస్యమైతే ఆలస్యమని చెప్పేది, అసలు రాకపోతే రాదని చెప్పేది. జనం తిట్టుకున్నా సరే, ఆశపెట్టి కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు. ఈ గుణం బస్సులకు పనికొస్తుంది గానీ ఇల్లమ్మడానికి పనికిరాదు.

ఇల్లెందుకు అమ్మాల్సి వచ్చిందంటే, మోకాళ్ళు. వీధిలోంచి ఇంట్లోకి ఎక్కాలంటే నిటారుగా మెట్లు. వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి పెట్టించుకున్న ఆ మెట్లే ఇప్పుడు పగబట్టాయి. బస్టాండు క్యాంటీను నడిపిన స్నేహితురాలు, మైకక్క వదినా అని పిలిచే మనిషి, కొంచెం దూరంలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటోంది. ఆమె పక్క ఫ్లాటు, కింది అంతస్తుదే, అమ్మకానికి వచ్చింది. ఫ్లాటు ఓనరు నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. ఆ తరువాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు. మెట్లు లేని గుమ్మం, పిలిస్తే పలికే దూరంలో మనిషి. మైకక్క ఇంకేమీ కోరలేదు.

"బ్రోకరుకి అప్పజెప్పు, హాయిగా కూర్చో," అని వదిన చెవినిల్లు కట్టుకుని పోరింది.

"వాళ్ళు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు వదినా. నా ఇంటి గురించి వేరేవాడు అబద్ధాలాడటం నాకిష్టం లేదు," అని మైకక్క ఒక అట్టముక్క మీద "ఈ ఇల్లు అమ్మబడును, మధ్యవర్తులు రానవసరం లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి గేటుకు కట్టింది.

జనం రానే వచ్చారు. ఒకాయన కుళాయిలన్నీ తిప్పి, గోడలన్నీ తట్టి, చివరికి తను కొనేవాణ్ణి కాదని, ఎదురింట్లో అద్దెకుంటూ ఊరికే చూద్దామని వచ్చానని చెప్పి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. ఒక జంట వంటింట్లోనే నిలబడి వాళ్ళలో వాళ్ళు తగువు పెట్టుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకూ మైకక్క అడక్కముందే చెప్పేది: వానాకాలం ఈ మూల చెమ్మ పడుతుంది, ఆ కిటికీ రెక్క బిగుసుకుపోతుంది, పక్కవాళ్ళ మోటారు మోత పొద్దున్నే మొదలవుతుంది అని. ఇంత నిజం విన్నాక ఎవరు కొంటారు? కానీ అందరూ ఆమెను మెచ్చుకునే వెళ్ళేవాళ్ళు. మోకాళ్ళు ఎంత నొప్పెట్టినా గేటుదాకా దిగి, "వెళ్ళిరండి" అని సాగనంపేది మరి.

మన భాషలో పోయేవాడు కూడా పోతున్నానని చెప్పడు, వస్తానంటాడు. పంపేవాళ్ళు పొమ్మనరు, వెళ్ళి రమ్మంటారు. ఇది మర్యాదో, భయమో ఎవరూ ఆలోచించరు. మైకక్క కూడా ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మనిషి. కుళాయి తిప్పలేదు, గోడ తట్టలేదు. ఆమె చెమ్మ గురించి చెబుతుంటే "ఉండనివ్వండమ్మా, ఏ ఇంటికైనా ఏదో ఒకటి ఉంటుంది" అన్నాడు. వెనకగదిలోకి వెళ్ళి, గోడకు ఆనించి ఉన్న చెక్క కుర్చీని కిటికీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు చిన్నగా, పొడిగా దగ్గాడు.

"ఇక్కడ కూర్చుంటే ఎవరూ లెమ్మనరు కదూ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆమె మనసు చివుక్కుమంది. "ఎవరంటారండీ? మీ ఇల్లే అనుకోండి," అంది.

చాలాసేపు కూర్చున్నాడు. లేచి, ఆలోచించుకుని చెబుతానని ఫోను నంబరు ఇచ్చాడు. గేటు దగ్గర "వస్తానమ్మా" అన్నాడు.

"వెళ్ళిరండి."

నాలుగడుగులు వేసినవాడు ఆగి వెనక్కి తిరిగాడు. "నిజంగానే రమ్మంటున్నారా?"

"అయ్యో, రమ్మనకపోతే ఎలాగండీ? తప్పకుండా రండి!"

తేల్చుకోవాల్సింది తేలిపోయినట్టు ఆయన తలూపి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం మైకక్క ముందుగదిలో బట్టలు మడతపెడుతుంటే వెనకగదిలో ఎవరో దగ్గారు. పొడిదగ్గు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. నిన్న తను గోడకు జరిపిన కుర్చీ కిటికీ దగ్గరుంది. మతిమరుపు మొదలైందేమో అనుకుని మళ్ళీ గోడకు జరిపింది. టీ పెట్టుకుని వచ్చేసరికి కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరే ఉంది. కూర్చునే చోట చెయ్యి పెట్టి చూసింది. మనిషి అప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది.

ఎండ తగిలి వేడెక్కిందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ కిటికీకి మధ్యాహ్నం ఎండ రాదని ఆమెకు తెలుసు. ఎవరొచ్చినా ఆ మాట తనే చెబుతుంది కదా!

ఎందుకో తోచి, ఆ నంబరుకు ఫోను చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"నాన్నగారు లేరండీ. నిన్న బయటికెళ్ళి, తిరిగొస్తూ దారిలో పడిపోయారు. మీరెవరు?"

"నిన్న ఆయన... ఇల్లు చూడ్డానికి వచ్చారమ్మా."

అవతలి గొంతు మారింది. "ఇల్లా? ఏ ఇల్లు? మీ ఇల్లెక్కడ?"

సరిగ్గా అప్పుడే వెనకగదిలో దగ్గు వినిపించింది. మైకక్క ఫోను పెట్టేసింది. ఉద్యోగంలో ఒక్క ప్రకటన కూడా మధ్యలో ఆపని మనిషి, ఫోనును దిండు కింద దాచేసింది.

ఆ తరువాత ఇల్లు చూడ్డానికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు వెనకగది గుమ్మందాకా వెళ్ళి ఏదో పని గుర్తొచ్చిందని వెళ్ళిపోయాడు. తరువాత వచ్చినావిడ గది తలుపు నెమ్మదిగా దగ్గరకు వేసి, మునివేళ్ళ మీద నడిచి వచ్చి, గుసగుసగా చెప్పింది: "మీ నాన్నగారు కునుకు తీస్తున్నారు. లేపలేదండీ." మూడో ఆయన మొహమ్మీదే అడిగాడు, లోపలున్న మనిషి ఇల్లు ఖాళీ చేస్తాడా, పేచీ పెడతాడా అని.

మైకక్కకు ఏ ఒక్కసారీ ఆయన కనబడలేదు. వాళ్ళకు కనబడ్డాడు. తనకు మాత్రం దగ్గూ, కుర్చీ మిగిలాయి. అందుకే మరీ భయం వేసింది. అడిగినవాళ్ళకు లేరని చెబితే అబద్ధం, ఉన్నారంటే పిచ్చి. మింగలేక కక్కలేక ఆ అట్టముక్క విప్పేసి, వదిన చెప్పిన బ్రోకరును పిలిపించింది.

వీధిలో అందరూ అతణ్ణి తాళాల బాబాయ్ అంటారు. నడుముకు తాళాల గుత్తి, నోటికి తాళం లేదు. మైకక్క దాచకుండా మొత్తం చెప్పింది. నవ్వుతాడేమో అనుకుంది. అతను నవ్వలేదు.

"ఓనర్లు ఇల్లు చూపిస్తే వచ్చే తంటానే ఇదమ్మా. నేను గేటు దగ్గర ఏమంటానో తెలుసా? 'సరేనండీ, ఫోన్ చేస్తా' అంటాను, అంతే. వచ్చినవాళ్ళందర్నీ మళ్ళీ రమ్మంటారా ఎవరైనా?"

ఆమె నాలుక కరుచుకుంది. అతను వెనకగదిలోకి వెళ్ళి, కాసేపటికి మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"గది బాగానే ఉంది. ఆ కుర్చీ మటుకు కదిలించకండి," అన్నాడు. ఎందుకో ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. "నేను మనుషుల్ని తెచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండొద్దు. మీరు నిజాలు చెప్పేస్తారు."

ఆ మాటకు మైకక్క సిగ్గుపడింది. తన ఇంటి గురించి వేరేవాడు అబద్ధమాడకూడదని కదా మొదట్లో ఒంటికాలి మీద లేచింది! ఇప్పుడు ఆ అబద్ధం కోసమే అతణ్ణి పెట్టుకుంది. పెట్టుకుని, వదిన ఇంట్లో కూర్చుని, కుక్కిన పేనులా ఉండిపోయింది.

బేరం తొందరగానే కుదిరింది. ఎవరో ఒకావిడ ఒంటరిగా వచ్చి చూసిందట. వెనకగదిలోనే చాలాసేపు ఉందట. రేటు మీద ఒక్క మాట కూడా అనకుండా ఒప్పుకుందట. తాళాల బాబాయ్ మొహం వెలిగిపోతోంది.

"ఆ గది దేనికి వాడతారో?" అంది మైకక్క, ఉండబట్టలేక.

"పిల్లాడికి. చదువుకోడానికి, పడుకోడానికి," అన్నాడతను, అలవాటుగా.

వదిన చప్పట్లు కొట్టింది. మైకక్కకు మాత్రం అన్నం సయించలేదు. ఆ కుర్చీ, ఆ దగ్గు, పక్కనే ఒక పసివాడు పుస్తకం ముందేసుకుని కూర్చోవడం, ఇవే కళ్ళముందు ఆడాయి. నెలాఖరు ముంచుకొస్తోంది. చెప్పకపోతే ఫ్లాటు దక్కుతుంది, మోకాళ్ళు బతుకుతాయి, వదిన పక్కన మిగిలిన కాలం గడిచిపోతుంది. చెబితే ఆ మెట్లూ, ఆ దగ్గూ తనకే మిగులుతాయి.

"ఆవిణ్ణి తీసుకురా. నేను మాట్లాడాలి," అంది బ్రోకరుతో.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, కుదిరిన బేరం..."

"నా కాళ్ళే సరిగ్గా లేవు, వాటినేం పట్టుకుంటావు? తీసుకురా."

ఆవిడ సాయంత్రం కాకముందే మైకక్క ఇంటికి వచ్చింది. నడివయసు మనిషి, నలిగిన చీర, నిద్రలేని కళ్ళు. మైకక్క ఆమెను కూర్చోమని కూడా అనలేదు. అంటే మళ్ళీ ధైర్యం చాలదని, నిలబడే చెప్పేసింది.

"అమ్మాయ్, నీ బిడ్డని ఆ వెనకగదిలో పడుకోబెట్టకు. అందులో ఒకాయన ఉన్నారు. చెడ్డవారు కాదు, కానీ బతికున్న మనిషి కాదు. ఇది తెలిసి నువ్వు కొననంటే నేనేమీ అనుకోను."

"నాకు పిల్లల్లేరండీ," అంది ఆవిడ.

తాళాల బాబాయ్ గోడవైపు తిరిగాడు. మైకక్క అతణ్ణి తిట్టబోయి ఆగిపోయింది. ఆ గొంతు. గొంతులతో బతికిన మనిషి ఆమె, ఒక్కసారి వింటే మరిచిపోదు. ఇది ఫోనులో విన్న గొంతు.

"మీరు ఫోన్ పెట్టేశారు కదా, నాకు అడ్రస్ తెలీలేదు. కానీ మీ గొంతు బస్టాండులో వినకుండా పెరిగినవాళ్ళు ఉంటారా? అక్కడికెళ్ళి అడిగాను, చెప్పారు. వచ్చేసరికి ఇల్లు ఈయన చేతిలో ఉంది. అందుకే ఈయన్నే అడిగి చూశాను."

"మరి ఆ గదిలో..."

"మా నాన్నేనండీ. ఆ దగ్గు నాకు తెలీదా?"

మైకక్క గోడకు ఆనుకుంది. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఎవరో అడిగినదానికి జవాబు చెబుతున్నట్టు.

"ఆ రోజు పొద్దున సోఫా కొలతలు తీసుకోడానికి మనిషొచ్చాడు. నాన్న ఎప్పుడూ కూర్చునే కుర్చీ అడ్డమొచ్చింది. లేవమన్నాను. ఎక్కడ కూర్చోనమ్మా అన్నారు. మాటా మాటా పెరిగింది. ఆయన చెప్పులేసుకుని, 'వస్తానమ్మా' అన్నారు. నేను..." ఆవిడ వెనకగది తలుపు వైపు చూసింది. "నేను 'పోండి' అన్నానండీ. 'ఎక్కడికైనా పోండి' అన్నాను."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోయినవాళ్ళు కొన్నాళ్ళు ఇంట్లోనే తిరుగుతారంటారు కదా. ఇల్లంతా వెతికాను. ఏ గదిలోనూ లేరు. నేను రమ్మనలేదు. మీరు రమ్మని ఉంటారు."

"రమ్మన్నానమ్మా," అంది మైకక్క. ఆమెకు ఏడుపు ఆగలేదు. తన కోసమో, ఆయన కోసమో, ఈ పిల్ల కోసమో తెలియకుండానే ఏడ్చింది.

ఆవిడ వెనకగది గుమ్మం దగ్గరకు వెళ్ళి నిలబడింది. లోపల వినిపిస్తున్న దగ్గు ఠక్కున ఆగిపోయింది.

"నాన్నా, నేనే. ఇంటికి రండి."

ఏమీ వినిపించలేదు. ఊపిరి బిగబట్టుకుని ఒక మనిషి కూర్చుంటే గది ఎలా ఉంటుందో అలా ఉంది గది. "నాన్నా," అని మళ్ళీ పిలిచింది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కొంచెం గీసుకున్నాయి, కిటికీ వైపుకి.

ఆవిడ తిరిగి వచ్చింది. "మొన్న కూడా అంతే. నేనొచ్చానని తెలిస్తే దగ్గు కూడా ఆపేస్తారు. ఇల్లు నాకే ఇవ్వండి. ఎన్నాళ్ళైనా ఉంటాను. ఎప్పటికో అప్పటికి పలకకపోరు కదా."

మైకక్క సరేనంది. ఆవిడ చేతులు జోడించి, చెప్పులేసుకుని మెట్లు దిగింది. గేటు తీస్తుండగా, మనిషి వెళ్ళిపోయిందనుకున్నాడేమో, వెనకగదిలో పెద్దాయన మళ్ళీ దగ్గాడు. ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడ్డట్టు, చాలాసేపు దగ్గాడు. మైకక్క ఆమెను వెనక్కి పిలవబోయింది. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపి, తను అక్కడుందని ఆయనకు తెలియకుండా గేటు పట్టుకుని కదలకుండా నిలబడి, ఆ దగ్గు అయిపోయేదాకా వింది.