దండ వేసిన పటం

తిలకవతి పొద్దున్నే మల్లెలు కట్టి, గోడమీది పటానికి దండ వేసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే ధ్యానానికి కూర్చునేది. సింగానల్లూరులో గ్రైండర్లు చేసే షెడ్డుకు పనికి వెళ్లేలోగా ఇదంతా అయిపోవాలి. పటంలో ఉన్నది దేవుడు కాదు, ఒక బౌద్ధ భిక్షువు. మధురై నుంచి వచ్చి, మూడేళ్లు ఆదివారాల్లో ధ్యానం నేర్పి, వేరే ఊరికి వెళ్లిపోయారు. చుట్టూ తమిళమే వినిపించే ఆ ఊళ్లో బుద్ధుడి మాటలను ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పింది ఆయనొక్కరే. ఆ గొంతు కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

నిరుడు ఆయన చెప్పకుండా ఇంటికి వచ్చి, పటం చూసి నిలబడిపోయారు.

"ఏమ్మా, నేను ఎప్పుడు పోతిని? నాకు ఒక మాట చెప్పకూడదా?"

మనుషుల పటాలకు అలా బొట్టూ దండా పెట్టేది వాళ్లు పోయాకేనని ఆమెకు అప్పుడు తట్టింది.

"అయ్యయ్యో! మీరు ఎదురుగా ఉండారనుకుంటేనే నా మనసు నిలుస్తుంది సామీ."

"మూడేండ్లు ఊపిరి చూడమంటిని. నువ్వు నన్ను చూస్తా కూర్చుంటివా? బుద్ధుణ్ణే పట్టుకోవద్దంటే నేనెంత? తీసేయ్ తల్లీ."

"తీసేస్తే కూర్చోలేను సామీ."

"కూర్చోలేకపోతే లేచి పో. మళ్లా వచ్చి కూర్చో."

ఆయన కాఫీ తాగి బస్సెక్కారు. నెల రోజులు ఆమె చెయ్యి పటం దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. చివరికి తీసి, ఆయనకే పోస్టులో పంపింది. ఆ పొద్దున కళ్లు మూసుకుంటే ఊపిరి తెలియలేదు, ఏడుపే వచ్చింది. ముఖం కడుక్కుని మళ్లీ కూర్చుంది.

ఆ గొంతు వినాలని ఇప్పటికీ ఉంటుంది. ఆయన లేకపోయినా మిగతావాళ్లు నడుపుకుంటున్న ఆదివారం ధ్యాన తరగతికి తిలకవతి అందరికంటే ముందు వెళ్లి చాపలు పరుస్తుంది.