మంగమ్మ మబ్బుల పుస్తకం

పెద్దముడియం బడిలో మధ్యాహ్న భోజనం వండే మంగమ్మకు మబ్బులతో ఏం పని అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అదే బడిలో లెక్కల అయ్యవారిని. నవ్వడం నాకు కొంచెం తొందర.

తిరుపతి నుంచి మైత్రేయి అనే శాస్త్రవేత్త వచ్చి మా బడి మిద్దె మీద ఒక కెమెరా బిగించింది. మనకు చుక్క వాన ఇవ్వకుండా, చాలా ఎత్తున సాగిపోయే పలచటి మంచు మేఘాల మీద ఆమె పరిశోధన. కొన్నిసార్లు అవి కెమెరాకు అందవట. అందుకని రోజుకు మూడు పూటలు ఉత్త కళ్ళతో చూసి రాసే మనిషి కావాలంది. మేమంతా పనులున్నాయని తప్పించుకున్నాం. మొగుడు పోయి, పిల్లల్లేక, సెలవుల్లో పలకరించే దిక్కు కూడా లేని మంగమ్మ ఒప్పుకుంది. ఏం చూశావని అడిగే మనిషి ఒకరు దొరికారని ఆమెకు సంబరం.

ప్రొద్దుటూరు నుంచి తెప్పించిన పెద్ద పుస్తకంలో మూడేళ్ళు రాసింది. ‘పడమర దూదేకినట్టు’, ‘నెత్తిన తెల్ల గీతలు, ఎండ తగ్గల్యా’. జ్వరమొచ్చిన రోజు కూడా మిద్దె ఎక్కింది.

మొన్న ఫిబ్రవరిలో మైత్రేయి జమ్మలమడుగు బస్సు దిగి వచ్చి పుస్తకం తిరగేసింది. సగానికి పైగా తేదీల పక్కన ఒక్క అక్షరం లేదు. ఖాళీ అంటే ఆ రోజు ఎవరూ చూడలేదని లెక్క అనీ, అవన్నీ తీసేయాల్సిందేననీ మెల్లగా చెప్పింది.

“చూడకుండా యాడికి పోతానమ్మా?” అంది మంగమ్మ. “ఆ పొద్దు ఆకాశం ఉత్తదే. ఆ మాట నా చేత్తో ఎట్ల రాసేది?”

నాకప్పుడు తట్టింది. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే మనిషి ఆమె. శనగ పైరు మబ్బు కోసం ఎదురుచూసే ఊళ్ళో, మబ్బు లేదని రాస్తుందా? సున్నా వేయమని ముందే చెప్పాల్సింది నేను. ఒక్కసారైనా ఆ పుస్తకం తెరిచి ఉంటే కదా చెప్పడానికి. సిగ్గేసింది.

ఇప్పుడు గుర్తుచేసుకుని నింపినా చెల్లదట. రాసిన రోజుల వివరాలు మాత్రం రాసుకుని, కెమెరా విప్పుకుని మైత్రేయి వెళ్ళిపోయింది. ఆ రోజు మంగమ్మ అన్నం మాడ్చింది. నేను బడికి వచ్చాక అదే మొదటిసారి.

మర్నాడు మళ్ళీ మిద్దె ఎక్కింది. అప్పటి నుంచి ఏ తేదీ ఖాళీగా లేదు. మబ్బుంటే మబ్బు సంగతి రాస్తుంది. లేని పూట ఒకటే మాట, ‘చూసినా’ అని. ఎండాకాలమంతా, పేజీల కొద్దీ అదే మాట. ఇదంతా ఇంక ఎవరికోసమని అడిగాను.

తనకేమన్నా అయితే పుస్తకం నన్ను పెట్టుకోమంది.

“నేను పోయిన దినం మాత్రం ఏం రాయగాకు సారూ,” అంది. “ఖాళీగా ఇడిసిపెట్టు. ఆ పొద్దుకు ఆయమ్మ చెప్పిన లెక్క సరిపోతాది.”