ఇరవై మూడు గడపలు, ఐదు శాలువాలు

మీరు సన్మానాలు చాలానే చూసి ఉంటారు. మైకు మొరాయించిన సన్మానం, కుర్చీ విరిగిన సన్మానం, అసలు సన్మానితుడే రాని సన్మానం. కానీ ఒక ఊరి బడికి పైకప్పు దక్కకుండా చెయ్యబోయిన సన్మానం మాత్రం చూసి ఉండరు. దాన్ని ఏర్పాటు చేసిన ఘనురాలిని నేనే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తరవాత మీకు తీరిక ఉండదు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట ఇది. సింగపూర్‌లోని యూ టీలో మా బ్లాకు చుట్టుపక్కల తెలుగువాళ్ళం పెట్టుకున్న చిన్న సంఘానికి నేను అప్పట్లో కార్యదర్శిని. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పొట్ట కోసం, కార్యదర్శి పదవి ప్రాణం కోసం. ఉగాదికి సన్మానం, దసరాకి సన్మానం, ఎవరి మేనమామ చుట్టపుచూపుగా సింగపూర్ వచ్చినా ఆయనకీ సన్మానం. మనిషి దొరికితే చాలు, కూర్చోబెట్టి శాలువా కప్పేసేదాన్ని. కప్పించుకున్నవాళ్ళు మాత్రం ఏం చేసుకుంటారు చెప్పండి, ఏడాది పొడవునా చెమటలు కక్కే ఊళ్ళో? "పద్మజగారూ, ఇంకెవరికైనా పనికొస్తుందండీ" అంటూ మర్నాడే నాకు తిరిగి పంపేసేవారు. నేనూ నిస్సంకోచంగా ఇంకొకరికి కప్పేసేదాన్ని. ఒక మెరూన్ రంగు శాలువా నాకు తెలిసి పదకొండు మంది భుజాలెక్కి దిగింది. ఒకాయనకైతే అదే రెండుసార్లు కప్పాను, పాపం ఆయన గుర్తుపట్టి కూడా పైకి అనలేదు.

సింగపూర్‌లోనే టోవా పాయోలో నలభై ఏళ్ళుగా ఉంటున్న సత్యం అంకుల్ అని ఒక పెద్దాయన ఉన్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏటా జూన్ సెలవుల్లో ఓ పదిమందిని వెంటేసుకుని హిమాలయాల్లో ఒక మారుమూల పల్లెకి వెళ్ళి, అక్కడి బడికి కావలసిన పనులు చేసి వస్తారు. ఆ ఏడు నన్నూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి కీర్తినీ రమ్మన్నారు.

"అక్కడ స్టేజీ లేదు, మైకు లేదు, పద్మజా. పని మాత్రం ఉంది. మట్టి మొయ్యాలి. ఓకేనా?" అన్నారు.

"మీరు భలేవారు అంకుల్. సేవంటే నేను ముందుంటాను" అన్నాను.

సేవంటే నా దృష్టిలో ఏమిటో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. బయల్దేరే ముందు రోజు ఐదు శాలువాలు, జరీ అంచువి, సూట్‌కేసులో కుక్కుతుంటే కీర్తి చూసి, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషు ఎత్తుకుంది.

"అమ్మా, దే లివ్ ఇన్ ది స్నో, లా. దే హ్యావ్ షాల్స్."

"ఇవి శాలువాలు కాదే, గౌరవం."

"యువర్ గౌరవం వెయ్స్ టూ కిలోస్."

బరువు ఎక్కువైతే నా స్వెటర్లు రెండు తీసేశాను కానీ శాలువాలు తియ్యలేదు. చలికి వణికినా సరే, సన్మానం ఆగకూడదు కదా!

రెండు రోజులు జీపులో ఎగిరెగిరి పడి, ఒక పూట కాలినడకన ఎక్కి ఆ ఊరు చేరాం. ఇరవై మూడు ఇళ్ళు, బార్లీ చేలు, చుట్టూ బోడికొండలు, కొండలకి మించి మేకలు. నాలుగడుగులు వేస్తే చాలు, ప్రెషర్ కుక్కర్‌లా ఈల వేసేదాన్ని. బడి పంతులు తంజిన్ మాస్టారు మాకు ఎదురొచ్చి మా సామానంతా తనే ఎత్తుకున్నారు. ముప్పై ఏళ్ళ మనిషి, చక్కటి హిందీ మాట్లాడతారు. ఊళ్ళోవాళ్ళతో మేం ఏం మాట్లాడాలన్నా ఆయనే దిక్కు.

బడి పాత గది కిందటి చలికాలం మంచు బరువుకి కూలిపోయింది. పిల్లలంతా మాస్టారి మేకల కొట్టంలో కూర్చుని చదువుకుంటున్నారు. ఒక మూల ఎక్కాలు, ఇంకో మూల మేకలు. మేం వెళ్ళిన వారం రోజుల్లో కొత్త గది గోడలు పూర్తిచేశాం, దూలాలు ఎత్తాం. ఇక మిగిలింది పైకప్పు మీద మట్టి పరచడం. మాస్టారు దాని సంగతి మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పారు.

"మట్టి ఒక్కరోజులో పడిపోవాలి, లేకపోతే పగుళ్ళిస్తుంది. అందుకని శుక్రవారం ఇంటికొక మనిషి వస్తారు. మా ఊళ్ళో అన్నీ వంతులే మేడమ్. కాలవ నీళ్ళకి వంతు, మేకలు కాయడానికి వంతు. ఒక ఇంటికి ఎక్కువ, ఒక ఇంటికి తక్కువ అనేది ఉండదు. ఒక్క ఇల్లు అలిగి రాకపోయినా మిగతా ఇళ్ళు రావు."

"శుక్రవారం కాకపోతే శనివారం?" అన్నారు సత్యం అంకుల్.

"శనివారం మందల్ని తోలుకుని పైకి వెళ్ళిపోతారు సార్. మళ్ళీ దిగేది కోతలకే. అప్పటికి మట్టి గడ్డ కట్టేస్తుంది. అంటే ఈ చలికాలం కూడా పిల్లలకి మేకల కొట్టమే."

అందరితోపాటు నేనూ తలూపాను. అర్థం కాక కాదండీ, శుభ్రంగా అర్థమైంది. అర్థమైన దానికీ చేసేదానికీ పొంతన లేకపోవడమే నా ప్రత్యేకత.

గురువారం సాయంత్రం నాలుగింటికి ఊరంతా బడి ముందు టీకి చేరారు. ఇదే అదనని నేను లేచి, ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి మధ్యలో వేసి, నోర్బు తాతని పిలిచాను. దూలాలకి చెట్లిచ్చిన పెద్దమనిషి ఆయన. సత్యం అంకుల్ టీ గ్లాసు దించి, "ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు. "సర్‌ప్రైజ్ అంకుల్" అన్నాను. పది నిమిషాలు హిందీలో ఉపన్యాసం దంచాను. మీ హృదయం ఈ హిమాలయమంత ఉన్నతం అన్నాను, ఈ బంధం జన్మజన్మలది అన్నాను. మాస్టారు దాన్ని మూడు ముక్కల్లో వాళ్ళ భాషలో చెప్పేశారు.

"అంత కొంచెమేనా? ఏం చెప్పారు?" అన్నాను అనుమానంగా.

"చలిగా ఉంది, కప్పుకో తాతా అన్నాను."

కప్పాను. చప్పట్లు కొట్టాను, నేనొక్కదాన్నే. తరవాత రోజూ మాకు టీ కాచి పోసిన డోల్మా అవ్వకి కప్పాను. ఆవిడ అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, పక్కావిడకిచ్చి వాసన చూపించి, మాస్టారిని ఏదో అడిగింది.

"ఇది ఏ జంతువు బొచ్చని అడుగుతోంది మేడమ్."

మేకబొచ్చు వడకడంలో అరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి నేను నైలాను శాలువా కప్పానన్న సంగతి అప్పుడు తట్టింది. దిగమింగుకుని ఇంకో ముగ్గురికి కప్పేశాను. ఐదూ అయిపోయాయి. నమస్కారం పెట్టి కూర్చున్నాను. అందరూ నా ఖాళీ చేతుల వంకే చూస్తున్నారు. మేకలు కూడా అటే చూశాయంటే నమ్మండి.

"మేడమ్, మిగతా పద్దెనిమిది?" అన్నారు మాస్టారు మెల్లిగా.

"పద్దెనిమిది ఏమిటి?"

"ఇళ్ళు."

అప్పుడైనా నోరుమూసుకుని క్షమించమని ఉంటే పోయేది. కానీ నాలో కార్యదర్శి ఊరుకుంటుందా? మా సంఘంలో శాలువాలు చాలకపోతే ఏం చేస్తాం? కప్పడం, ఫోటో తీయడం, అదే తీసి ఇంకొకరికి కప్పడం. "ఏం కంగారు లేదు! అందరికీ సన్మానమే!" అని ప్రకటించి, చిరునవ్వుతో నోర్బు తాత దగ్గరికి వెళ్ళి శాలువా అంచు పట్టుకున్నాను. తాత ఇంకో అంచు పట్టుకున్నాడు. నేను మర్యాదగా లాగాను, తాత అమర్యాదగా లాగాడు.

"కీర్తీ, ఫోటో తియ్యవే, తాతగారు వదిలేస్తారు!"

"అమ్మా, స్టాప్, లా! సో మాలు!" అంది కీర్తి, ఆ మలయ్ మాటకి తగ్గట్టే సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకుని.

"పోదుం పద్మజా, పోదుం! వదిలెయ్!" అని సత్యం అంకుల్ అరవంలో, చాలు చాలని కేకలేస్తున్నారు. ఆయన కంగారుపడితే తెలుగు మర్చిపోతారు. నేను వదిలాను. తాత శాలువాతో సహా కుర్చీలోంచి వెనక్కి పడ్డాడు. దెబ్బ తగల్లేదు కానీ, లేచి దుమ్ము దులుపుకుని, శాలువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ గ్లాసులు బోర్లించి వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి బడి దగ్గర మట్టి కుప్ప ఉంది, నీళ్ళ డ్రమ్ములు ఉన్నాయి, మేమున్నాం. ఊరివాళ్ళు ఒక్కరు లేరు. ఎనిమిదైనా లేరు. సత్యం అంకుల్ మట్టి కుప్ప మీద కూర్చుని పైకి చూస్తున్నారు. నన్ను తిట్టినా బాగుండేది. ఇంతలో కొట్టంలోంచి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం వినిపించింది, మధ్యమధ్య మేకల అరుపులతో. నాకు ఏడుపు ఆగలేదు. నా సరదా కోసం ఈ పిల్లలు ఇంకో చలికాలం పేడవాసనలో వణకాలా అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసింది.

కీర్తి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, గో అండ్ సే సారీ. ఐ కమ్ విత్ యూ."

మాస్టారిని తీసుకుని నోర్బు తాత ఇంటికి వెళ్ళాం. ఊరంతా అక్కడే ఉంది! చాప మీద ఐదు శాలువాలు మడతపెట్టి ఉన్నాయి, చుట్టూ ఇరవై ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను చేతులు జోడించి, "తప్పు నాదే. మీ మధ్య గొడవెందుకు, ఆ ఐదూ నాకిచ్చేయండి, పట్టుకుపోతాను. దయచేసి పైకప్పు పనికి మాత్రం రండి" అన్నాను.

మాస్టారు చెప్పగానే గోల ఆగింది. నోర్బు తాత నన్ను ఎగాదిగా చూసి ఏదో అన్నాడు.

"మీ ఊళ్ళో ఇచ్చినవి వెనక్కి తీసుకుంటారా అని అడుగుతున్నాడు" అన్నారు మాస్టారు.

ఏం చెప్పను? తీసుకుంటాం తాతా, అదే మా సంఘం ఆచారం అని చెప్పనా? తల దించుకున్నాను. ఈలోగా డోల్మా అవ్వ ఒక టోపీ తెచ్చింది. అందులో గీతలు గీసిన గులకరాళ్ళు. ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి ఒక రాయి తీశారు, మాస్టారు కాగితం మీద ఏదో రాసుకుంటూ పోయారు. చివరి రాయి తీయగానే అందరూ పకపకా నవ్వేశారు. నోర్బు తాత గంప నెత్తిన పెట్టుకుని నా వంక తిరిగి చేత్తో సైగ చేశాడు.

"రమ్మంటున్నాడు. మట్టి ఆరిపోతోందట" అన్నారు మాస్టారు.

అబ్బ, ఆ రోజు! నిచ్చెన మీద మనిషి వెనక మనిషి, గంప వెనక గంప, పాట వెనక పాట. డోల్మా అవ్వ నాకంటే రెండింతలు బరువు మోస్తూ, నేను ఆయాసపడ్డప్పుడల్లా నా గంపలో మట్టి కొంచెం తీసి తన గంపలో వేసుకుంది. కీర్తి బురదలో మోకాలి దాకా దిగి తొక్కుతూ, వాళ్ళ పాటకి తనూ గొంతు కలిపేసింది. సాయంత్రానికి పైకప్పు పూర్తయింది. పిల్లలు దాని మీదెక్కి గంతులేశారు, ఎక్కడా కుంగలేదు. సత్యం అంకుల్ ఆనందం పట్టలేక నోర్బు తాతని వాటేసుకున్నారు. నాకైతే ఒళ్ళంతా బురద, కళ్ళనిండా నీళ్ళు.

టీ దగ్గర మాస్టారు కాగితం తీసి చదివారు. ఐదు శాలువాలూ ఊరి ఉమ్మడి సొత్తు. ఏటా ఒక్కో ఇంట్లో ఒక్కో శాలువా రెండేసి నెలలు ఉంటుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది రాళ్ళు తేల్చాయి.

"మొత్తం ఇరవై నాలుగు ఇళ్ళు" అని ముగించారు.

"ఇరవై మూడు కదా?"

"మీది ఇరవై నాలుగోది మేడమ్. ఇచ్చినవాళ్ళని వదిలేస్తే అదో ఇంటికి తక్కువ చేసినట్టు అవుతుందని ఊరంతా పట్టుబట్టింది. మీ రాయి డోల్మా అవ్వ తీసింది. ఫిబ్రవరి, మార్చి మీ వంతు."

సింగపూర్‌లో పదిహేనేళ్ళున్నా నన్నెవరూ ఇంత ఇదిగా ఊళ్ళో కలుపుకోలేదు. కళ్ళు తుడుచుకున్నాక ఒక సందేహం వచ్చింది.

"ఫిబ్రవరిలో దారంతా మంచుతో మూసుకుపోతుంది కదా మాస్టారూ? నేనెలా రాను?"

"రాలేరు."

"మరి?"

"వంతుకి రాని ఇల్లు జరిమానా కట్టాలి. బడి పొయ్యికి రెండు గంపల ఎండు పేడ."

డోల్మా అవ్వ నోరు మూసుకుని నవ్వుతోంది. ఆ రాయి టోపీలోంచి చూడకుండా తీసిందో చూసి తీసిందో ఈనాటికీ చెప్పదు.

సింగపూర్ నుంచి రెండు గంపల పేడ పంపడం నా వల్ల కాదు కదండీ. అందుకని అప్పట్నుంచి, వీలైన ప్రతి జూన్‌లో, స్వయంగా వెళ్ళి జడలబర్రెల వెనక తిరిగి, పేడ ఎత్తి, పిడకలు కొట్టి, ఎండబెట్టి అప్పగించి వస్తున్నాను. ఆఫీసులో అందరూ నాది గొప్ప సేవాభావమని మెచ్చుకుంటారు. నేను కట్టేది జరిమానా అని కీర్తికీ, సత్యం అంకుల్ బృందానికీ, ఇప్పుడు మీకూ తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి పాఠక మహాశయులారా, పేడ కంపు ఇంకా వదలని ఈ కుడి చెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఊళ్ళో గడపలన్నీ లెక్కపెట్టనిదే ఎవరి భుజాన ఏదీ కప్పను. తెగించి కప్పితే, అవతలివాళ్ళ తాత అడ్డం తిరిగినా సరే, చచ్చినా లాగను.